తవిటమ్మ బొటనవేలు

నేను ఒక భూతద్దాన్ని. పేపరు చదువుకునే ముసలివాళ్ళ చేతిలో ఉండే రకం కాదు; మూడు కాళ్ళ ఇత్తడి పీట మీద కూర్చుని వేలిముద్రల్లో గీతలు లెక్కపెట్టే రకం. పుట్టింది అంబాలాలో. పంతొమ్మిదేళ్ళు విశాఖపట్నంలో ఒక వేలిముద్రల ఇన్‌స్పెక్టరు బల్ల మీద కొలువు చేశాను. నా మీదికి వంగి ఎంతోమంది దొంగల్ని పట్టించిన ఆ మహానుభావుడు, ఇంట్లో తన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఏనాడూ పట్టుకోలేకపోయాడు. ఆయన రిటైరయ్యాక నన్ను పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేశారు. అక్కడ దుమ్ము కొట్టుకుపోతుంటే ఢిల్లీశ్వరి అనే కాలేజీ పిల్ల వచ్చి కొనుక్కుంది.

ఆ పిల్లది పలాస. తండ్రి లేడు. తల్లి తవిటమ్మ కార్ఖానాలో జీడిపిక్కలు కొడుతుంది. ఢిల్లీశ్వరి విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో క్రిమినాలజీ చదువుతోంది. నేరాలు ఎందుకు జరుగుతాయో, చేసినవాణ్ణి ఎలా పట్టుకోవాలో చెప్పే చదువు అది. ఫీజుకు బ్యాంకు అప్పిచ్చింది. చదువైపోయాక నెలకు ఎనిమిది వేల చొప్పున ఏడేళ్ళు కట్టాలి.

మొదటి ఏడాది సెలవులకు నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. రికార్డు పుస్తకంలో ఇంట్లోవాళ్ళ వేలిముద్రలు అంటించాలట. తల్లి వేళ్ళకు సిరా రాసి, ఒక్కొక్కటే కార్డు మీద దొర్లించి, నన్ను పైన పెట్టి వంగింది. గీతల్లేవు. పది వేళ్ళకూ పది నల్లటి మచ్చలు. జీడిపిక్క పెంకులో ఉండే రసం చర్మాన్ని తినేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా తింటూనే ఉంది. దొంగలందరూ నాకు ముద్రలు మిగిల్చిపోయారు. చెమటోడ్చిన మనిషికి ముద్రే లేదు.

"ఏటే గుంటా, అలగ సూస్తన్నావు? దొంగతనం సేసినా నన్నెవుడూ పట్టుకోనేడు" అని నవ్వింది తవిటమ్మ.

"మరి బ్యాంకు మిషన్ నీ వేలు తీసుకుంది కదమ్మా?"

"మొదట తీసుకుందేటి? మూడుసార్లు కాదంది. నలభై రోజులు పని మానీసి, కొబ్బరినూని రాసుకుని కూకుంటే అప్పుడు గీతలు మొలిసినాయి. ఆ రోజే అప్పు కాయితం మీదా ఏలెట్టీసినాను. మల్లీ పనిలోకెల్లాను, మల్లీ పోయినాయి."

ఢిల్లీశ్వరికి నవ్వు రాలేదు. కార్డు తిరగేసి మధ్యలో గీత గీసింది. ఒక పక్క రాబోయే జీతం, ఇంకో పక్క కిస్తీ. కాలేజీవాళ్ళ రంగుల పుస్తకం జీతం ముప్పై అయిదు వేలంది. నిరుడు చదువు ముగించిన సీనియర్ ఫోనులో పన్నెండు వేలంది. ఇప్పుడే ఆపేస్తే ఒక్క ఏడాది అప్పుతో బయటపడొచ్చు.

"మానేయమంటావా అమ్మా?"

"ఆ సదువు నీకు నచ్చిందేటి?"

"చాలా నచ్చింది."

"మరింకేటే? నా సేతులున్నాయి కదా."

ఆ చేతుల్లో ఏం మిగిలిందో అంతకుముందే దగ్గరగా చూసినదాన్ని నేను.

చదువు పూర్తయింది. ఒక షాపింగ్ మాల్ కెమెరాల గదిలో ఉద్యోగం, జీతం పద్నాలుగు వేలు. సబ్బులు దొంగిలించే పిల్లల్ని తెర మీద కనిపెట్టడమే ఆమె క్రిమినాలజీ. చాలని డబ్బు తవిటమ్మ పంపేది. రెండో ఏడాది ఆమె కాళ్ళు వాచాయి. కిడ్నీలు పోయాయన్నారు. ఆ ప్రాంతంలో అది వింత కాదు. కూతురు సెలవు పెట్టి వచ్చిన నాలుగో రోజున పోయింది.

కర్మకాండ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక ఢిల్లీశ్వరి వేలిముద్రల్ని పైకి తేల్చే పొడి, బ్రష్షు తీసింది. చెంబు, తలుపు గడియ, దువ్వెన, అద్దం, పప్పు డబ్బా... అమ్మ చెయ్యి తగిలిన ప్రతి వస్తువు మీదా పొడి అద్ది నన్ను పెట్టి వెతికింది. కనబడిన గీతలన్నీ తనవే. "ఇంత చదివి ఏం లాభం?" అని నేల మీద కూలబడి ఏడ్చింది. ఒక్క గీతైనా చూపించలేకపోయానని నేను పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ వేలు పెట్టిన అప్పు కాగితం.

"బాకీ మొత్తం తీరాకే ఇస్తామమ్మా" అన్నాడు బ్యాంకు మేనేజరు.

ఢిల్లీశ్వరి మాల్ ఉద్యోగం వదిలేసి విశాఖలోనే ఒక మందుల కంపెనీ ప్యాకింగులో చేరింది. అక్కడ ఇరవై వేలు. నచ్చిన చదువు ట్రంకుపెట్టెలోకి పోయింది, దాంతోపాటు నేనూ. అయిదేళ్ళు చీకట్లో ఉన్నాను. ఆమె ఒక్క కిస్తీ తప్పలేదు.

ఒకరోజు పెట్టె తెరిచి నన్ను చీర చెంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. బ్యాంకులో కొత్త మేనేజరు కాగితం బయటికి తీసి, రద్దయిందని ముద్ర కొట్టడానికి రబ్బరు స్టాంపు ఎత్తాడు. ఢిల్లీశ్వరి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ వేలి మీద కొట్టకండి సార్. ఇంకెక్కడైనా కొట్టండి."

ఆయన అర్థంకాక పైన ఒక మూల కొట్టాడు. ఆమె అక్కడే, ఆ బల్ల మీదే నన్ను నిలబెట్టి వంగింది. అన్నేళ్ళకు తవిటమ్మ గీతల్ని నేను మొదటిసారి చూశాను. సన్నగా, వంపు తిరిగి, నలభై రోజుల వయసున్న గీతలు. ఢిల్లీశ్వరి లెక్కపెట్టింది. కళ్ళు మసకబారి మధ్యలో తప్పింది. తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"పదిహేడున్నాయే అమ్మా" అంది.