నలభై ఒకటో నిమిషం

"నీ చెయ్యి చిన్నది, నీకైతే పడుతుంది." పెళ్లయిన పదకొండేళ్లలో మా ఆయన నన్ను మెచ్చుకున్నది ఈ ఒక్క విషయంలోనే. ఇంటి వెనక షెడ్డులో ఆయన సొంతంగా విమానం కడుతున్నారు. దానికి బిగించిన రోటరీ ఇంజన్ వెనక ఇరుకు సందులో, దాన్ని చల్లబరిచే నీళ్ల గొట్టానికో క్లిప్పు ఉంది. అది వదులైనప్పుడల్లా నేను పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాలి. నా వేళ్ల కణుపులు ఎప్పుడూ చెక్కుకుపోయే ఉంటాయి. ఆడదాని చేతులేనా అవి అంటారు అత్తయ్య. వచ్చినవాళ్లతో మాత్రం, మావాడు ఒక్కడే కట్టాడు అని మురిసిపోతారు.

ఒక్కడే! ఇంజన్ పరీక్ష రోజున విమానం తోకను మోకుతో స్తంభానికి కట్టేది నేను. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టేది నేను. మంటలార్పే సిలిండరు కాళ్ల మధ్య పెట్టుకుని, ఆయన పక్క సీట్లో కూర్చుని, నిమిషనిమిషానికీ నీళ్ల వేడి పుస్తకంలో రాసేది నేను. మొదట్లో పది నిమిషాలకే ఇంజన్ కాగిపోయేది. గొట్టంలో గాలి చిక్కుకుందేమో, విమానం ముక్కు పైకెత్తి నీళ్లు పోద్దామన్నాను. ఇది నీ వంటింటి కుక్కర్ కాదని నవ్వారు. వారం తర్వాత బావగారు అదే మాట అంటే, అన్నయ్య బుర్రే బుర్ర అని వీపు తట్టారు. ఆ రోజు అందరికీ టీలు అందించింది కూడా నేనే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇంజన్ ఆగకుండా గంట నడిస్తేనే తనిఖీ అధికారి ఎగరడానికి ఒప్పుకుంటాడు. నిన్న నలభై ఒకటో నిమిషంలో వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, ఆపేశాం. ఈ పొద్దున ఆయన పుస్తకం నా ముందు పడేశారు.

"అరవై దాకా నింపెయ్. ఆదివారం ఎగరాలి."

"పైన ఆగిపోతేనో?"

"నువ్వు అంకెలు వెయ్యి చాలు. మిగతాది నాకు తెలుసు."

అపశకునం మాటలేంటని అత్తయ్య కసిరారు. ఆయన పైనుంచి పడితే గుండె పగిలేది నాకు. రాసింది నువ్వేగా అని జీవితాంతం మాటలు పడాల్సిందీ నేనే. నలభై ఒకటి దగ్గర గీత కొట్టి, ఎందుకు ఆపామో రాసి, కింద సంతకం పెట్టాను. పదకొండేళ్లలో ఆ షెడ్డులో నా పేరు పడింది అప్పుడే.

అధికారి వచ్చి పుస్తకం చదివాడు. మా ఆవిడకేం తెలియదండీ, ఏదో పొరపాటు పడింది అన్నారు ఈయన.

"పొరపాటేం లేదండీ," అన్నాను. "ముల్లు చూసింది నేనే. ఇది గంట నడవలేదు."

అధికారి ఫైలు మూసి, సరిచేసి మళ్లీ పిలవమని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం షెడ్డులోంచి కేక వినిపించింది, క్లిప్పు మళ్లీ వదులైంది, నీ చెయ్యి పడుతుంది రమ్మని.

నేను పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

"ఇంజన్ కిందికి దించండి," అన్నాను. "మీ చెయ్యీ పడుతుంది."