వాసవాంబ మోకాలి బేరం

లాడ్ బజార్‌లో జరీ అంచులమ్మే వాసవాంబ రోజూ పొద్దున గద్ది ఎక్కుతుంటే ఆమె కుడి మోకాలు కర్రుమనేది. ఆ చప్పుడు వినబడ్డాకే అటూ ఇటూ దుకాణాల వాళ్లు షట్టర్లు ఎత్తేవారు. అందరికీ గడియారాలున్నాయి. ఎదురుగా అత్తర్లమ్మే ఆయనకైతే మామగారు పెట్టిన గడియారం ఉంది, అందుకే ఆయన దాన్ని అసలే నమ్మేవాడు కాదు.

గద్ది అంటే తెల్ల పరుపు పరిచిన ఎత్తు అరుగు. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నవారిదే దుకాణంలో ఆఖరి మాట. భర్త పోయినప్పటి నుంచి ఆ మాట వాసవాంబది. ఇప్పుడు మోకాట్లో గుజ్జు అరిగిపోయి, ఆమె కాళ్లు వేలాడేసి కూర్చుంటోంది. కాళ్లు వేలాడేసిన మనిషి ధర చెబితే ఎవరు వింటారు? కొనేవాళ్లు మోకాలి వంక జాలిగా చూసి, ఆ జాలితోనే ఇంకో పది తగ్గించి అడిగేవారు.

ఆమె మరిది వైకుంఠం మంచివాడు. అంతకంటే ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదు. బేరమంటే భయం. పెళ్లిచూపులకు వెళ్లి, పిల్ల బయటికి రాకముందే సరేనన్నాడని ఆయన భార్యే అందరికీ చెబుతుంది. గద్ది తీయించి అద్దాల కౌంటరు పెట్టాలనీ, తిరిగే కుర్చీలో కూర్చోవాలనీ ఆయన కోరిక. కుర్చీ అప్పుడే కొనేశాడు. ఉప్పుగూడలో తమ ఇంట్లో దుప్పటి కప్పి దాచాడు. తీరిక దొరికితే దుప్పటి తీసి ఓ చుట్టు తిరిగేవాడు.

ఆ ఏడు ఉగాది నాడు ధైర్యం చేశాడు.

"వదినా, ఇగ చాలు. దీపావళికి బాసింపట్టు ఏసుకొని బోణీ చేస్తివా, గద్ది నీది. లేకుంటే దుకాణం నేను చూసుకుంట. నువ్వు ఇంట్ల కూసో."

"ఇంట్ల కూసునుడు నాకు రాదు వైకుంఠం. నేర్చుకునే వయసు గూడ దాటింది. దీపావళికే చూద్దాం," అంది వాసవాంబ.

బజారంతా విన్నది. ఇంక మాట వెనక్కి పోదు.

నయాపూల్ వంతెన దాటాక ఉన్న ఒక ఆసుపత్రిలో కాకినాడ నుంచి వచ్చిన డాక్టర్ వేణుమాధవ్ ఉండేవాడు. ఆయన మోకాలి ఫోటో చూసి, "బరువు పడని చోట నుంచి చిటికెడు గుజ్జు తీసి గాజు గిన్నెలో పెంచుతామండీ. పెరిగాక అరిగిన చోట అమరుస్తాం. కొత్త పద్ధతండీ. అందరికీ కుదురుతుందని మాటివ్వలేను," అన్నాడు.

"పెరుగు తోడేసినట్టు గదా?"

డాక్టరు కాసేపు ఆలోచించి, "ఇంచుమించు అంతేనండీ," అన్నాడు. అంత చదివింది ఇందుకేనా అన్నట్టు నర్సు చూసింది.

గుజ్జు తీసి, గులాబీ రంగు నీళ్లలో వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టారు. వారాలు గడిచాయి. మిగతావాళ్ల గుజ్జు బుద్ధిగా పెరిగింది. వాసవాంబది మాత్రం అలిగినట్టు అడుగున పడుకుంది. ఆమెను పిలిపించి చూపించారు. ఆమె చూస్తుండగానే, ఆమెను తెచ్చిన ఆటో అతను కిరాయి చాలలేదని మెట్లెక్కి వచ్చాడు.

"నయాపూల్ మీద ఎంత ట్రాఫిక్ ఉండెనో సూసినవ్ గదమ్మా!"

"ట్రాఫిక్ నేను పెట్టిన్నా? ఆగినప్పుడు నువ్వు చాయ్ తాగలేదా?"

"చాయ్ పైసలు నేనే ఇచ్చుకున్న గదా!"

"మరి నన్నెందుకు అడగలేదు, తాగుతవా అని?"

గిన్నెలో గులాబీ నీళ్లు వణికాయి. డాక్టరు సూక్ష్మదర్శిని మీదికి వంగి చూశాడు. గుజ్జు రెండింతలైంది.

"అమ్మా, ఆపకండి. భాయ్, మీరు ఇంకో పది ఎక్కువ అడగండి," అన్నాడు తల ఎత్తకుండా.

మందుల చీటీ మీద "రోజూ రెండు పూటలా, తిన్నాక, బేరం" అని రాసి, పెట్టెతో సహా గిన్నెను దుకాణానికి పంపాడు. వాసవాంబ దాన్ని గద్ది మీద తన పక్కనే పెట్టుకుంది. పెళ్లి దుపట్టాలు కుట్టే మెహమూదా ఆపా రోజూ వచ్చి మందు వేసేది.

"క్యా వాసవమ్మా, గీ అంచుకు గింత ధరనా? దీంట్ల మీ అత్త నగలు గిట్ల కరిగించి పోసినవా?"

"మా అత్త నగలు పోస్తే గిది ఎప్పుడో నల్లవడుతుండె ఆపా."

గిన్నెలో మీగడలా ఒక పొర కట్టింది. కొనడానికి వచ్చినవాళ్లు దానికీ ఓ సలాం కొట్టి పోయేవారు.

ఇంతలో వాసవాంబ ఒక పెళ్లికని వరంగల్ వెళ్లింది. తిరిగొచ్చేసరికి దుకాణం ముందు వైకుంఠం పెట్టించిన కొత్త బోర్డు వేలాడుతోంది: 'ఒకటే ధర. బేరం లేదు.' జనం చదివి, నోరు మూసుకుని కొన్నారు, లేదా నోరు మూసుకుని పోయారు. గిన్నెలో నీళ్లు తెల్లబోయాయి. పొర చివికి దారంలా మిగిలింది.

కబురందుకుని డాక్టరు పరుగున వచ్చాడు. "సాయంత్రానికి ఇది కోలుకోకపోతే పారేయాల్సిందేనండీ. మళ్లీ తీయడానికి మోకాట్లో ఏమీ మిగల్లేదు."

"నీ బోర్డు గింత పని చేసింది," అంది వాసవాంబ, మరిదిని చూసి. వైకుంఠం ముఖం గిన్నెలో నీళ్ల కంటే తెల్లగా ఉంది. ఆయనకు కుర్చీ కావాలి గానీ, వదిన మోకాలు పోవాలని ఎన్నడూ అనుకోలేదు. బోర్డు తీయబోయాడు.

"ఉండు భాయ్," అంది అప్పుడే వచ్చిన మెహమూదా ఆపా. "బోర్డు ఎంతకిస్తవ్?"

"అది అమ్మేది కాదు ఆపా."

"దుకాణంల ఉన్నదానికి ధర ఉండదా? ఇరవై ఇస్త."

సరే అనడానికి వైకుంఠం అలవాటుగా నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇరవయ్యా! రెండు రంగులు ఏయించిన ఆపా! అక్షరాలకు నీడలు గూడ పెట్టించిన!"

"నీడకు పైసలేంది? ఎండల నిలబడితే నాకు గూడ ఫుకట్ల వస్తది."

"గట్లయితే ఎండలనే నిలబడు! నూటయాభైకి పైస తగ్గ!"

బజారు బజారంతా గుమిగూడింది. ఆయన భార్యను పిలిపించారు. ఆమె నమ్మక, గోడ పట్టుకుని నిలబడింది. వైకుంఠానికి చెమటలు కారుతున్నాయి, గొంతు పోతోంది, అయినా దిగడం లేదు. గిన్నెలో గుజ్జు పాలు పొంగినట్టు పొంగి పెట్టె మూత లేపింది.

"చాలు, చాలు! ఉన్నది ఒక్క మోకాలేనండీ!" అని డాక్టరు అరిచాడు.

బోర్డు తొంభైకి తెగింది. మెహమూదా ఆపా దాన్ని తీసుకెళ్లి తన గుమ్మం ముందు మోరీ కాలువ మీద పరిచింది. ఆ వారమే గుజ్జు మోకాట్లోకి చేరింది. వాసవాంబ కొన్నాళ్లు కర్రలతో, కొన్నాళ్లు గోడలతో, మరికొన్నాళ్లు కోడలి వరస పిల్లలందర్నీ తిడుతూ నడిచింది.

దీపావళి పొద్దున ఆమె మెట్లెక్కింది. గద్ది ఎక్కింది. కుడి కాలు మడిచింది, ఎడమ కాలు మడిచింది. బాసింపట్టు. చీమ కూడా అంత నిశ్శబ్దంగా కూర్చోదు. అందువల్ల ఆ బజారులో ఒక్క షట్టరూ లేవలేదు. మెహమూదా ఆపా మాత్రం వచ్చి, అంచు కొని, అడిగిన ధర ఇచ్చేసింది. జీవితంలో అదొక్కసారే. బోణీ అయింది.

"గద్ది నీదే వదినా," అన్నాడు వైకుంఠం కింద నిలబడి. "ఆ కుర్చీ అమ్మేసిన. మంచి ధరకే. నీ పక్కన సగం జాగా ఇయ్యరాదు?"

"సగమా? పావు ఇస్త."

"పావులో నేను పడతనా? మూడో వంతు."

"పొట్ట తగ్గిచ్చుకో."

"తగ్గిస్త. మూడో వంతు ఇస్తే."

కొత్త గుజ్జు లోపల గిలిగింతగా కదిలింది. వాసవాంబ నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగింది. వైకుంఠం ఒక కాలు పైకి పెట్టి గద్ది ఎక్కాడు.

ఆయన మోకాలు కర్రుమంది.

లాడ్ బజార్ పొడవునా షట్టర్లు లేచాయి.