బొలెట్టె అడిగిన ప్రశ్న

1982 ఫిబ్రవరి. గ్రీన్‌లాండ్ యూరప్ కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని ఓటింగు పెట్టారు. దానికి పది రోజుల ముందు, ఉండమని నచ్చజెప్పడానికి, మమ్మల్ని ఏలే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ నుంచి ఒక అధికారి మా ఊళ్ళో దిగాడు. ఊరి హాల్లో పెట్టిన సభలో దుబాసీగా నిలబడ్డవాడు మాలిక్. డెన్మార్క్‌లో చదువుకుని, సర్కారు ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడు.

వాడి మేనత్త బొలెట్టె ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోస్తుంది. పదేళ్ళ కిందట ఇక్కడివాళ్ళు వద్దని ఓటేసినా, డెన్మార్క్‌తో పాటే కూటమిలోకి లాక్కుపోయారన్న మంట ఆమెకింకా చల్లారలేదు.

"మీ కొత్త రేవు కూటమి డబ్బుతో కట్టిందే. బయటికెళ్తే ఇంకెవరిస్తారు?" అన్నాడు అధికారి.

బొలెట్టె లేచింది. "రేవు బాగుంది. దించడానికి చేపేదీ? మా సముద్రంలో ఎవరెంత పట్టాలో ఈ నీళ్ళు చూడనివాళ్ళు బ్రస్సెల్స్‌లో, కూటమి ఆఫీసుల్లో కూచుని రాస్తున్నారు. వాళ్ళని గద్దె దించాలంటే నేనెవరికి ఓటెయ్యాలి?"

మాలిక్ డేనిష్‌లోకి మార్చాడు. "ఈవిడ రేవుకి కృతజ్ఞతలు చెబుతున్నారు. చేపల వాటా గురించి కాస్త బెంగ పడుతున్నారు."

అధికారి చిరునవ్వుతో తలూపాడు. అయితే బొలెట్టె ఆరేళ్ళు డేనిష్ డాక్టరింట్లో పనిచేసిన మనిషి.

"ఒరేయ్ మాలిక్! కృతజ్ఞతలని నేనన్నానా?"

"అత్తా, పెద్దమనిషి... కాస్త మర్యాదగా ఉంటుందని..."

"నా మాటకి నువ్వు చక్కెర పుయ్యకు. అన్నదన్నట్టు చెప్పు. చేతకాకపోతే కూచో, నేనే చెప్పుకుంటా."

హాలంతా గొల్లున నవ్వింది. మాలిక్ చెవులు ఎర్రబడ్డాయి. ఉద్యోగం కళ్ళముందే జారిపోతోందని వాడికి తెలుసు. అయినా గొంతు సవరించుకుని, ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

అధికారి నవ్వు మాయమైంది. కాగితాలు తిరగేసి ఏదో గొణిగాడు.

"ఆయన దగ్గర జవాబు లేదట!" అన్నాడు మాలిక్ జనంతో, ఉత్సాహం పట్టలేక.

"అలా అనలేదు," అంది బొలెట్టె. "'అది చాలా చిక్కు విషయం' అన్నాడు. ఆయన మాట కూడా సరిగ్గానే చెప్పు."

మాలిక్ సరిదిద్దుకున్నాడు. జనం ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు.

"మీకు చిక్కేమో. మాకు కాదు," అని డేనిష్‌లోనే చెప్పి కూచుంది బొలెట్టె.

ఓటింగులో కొద్ది తేడాతో 'బయటికి' గెలిచింది. మాలిక్‌ని మళ్ళీ దుబాసీ పనికి పిలవలేదు. పడవెక్కి వల లాగడం నేర్చుకున్నాడు. కూటమి నుంచి గ్రీన్‌లాండ్ బయటపడడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. విదేశీ ఓడలు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. కాకపోతే, వచ్చే ముందు మమ్మల్ని అడగాల్సి వచ్చేది.