గోలీ జేబులోకి వెళితేనే

మేస్త్రి ఆ ఫ్లాటులోని కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, వంటగది మధ్యలో నిలబడి చెవి ఒగ్గాడు. గొట్టాలు కాసేపు గురకపెట్టి సర్దుకున్నాయి. పొట్టి మనిషి. సున్నానికి పగిలిన వేళ్లు. ముప్ఫై ఏళ్లు గోడలు కట్టి, నడుం మొరాయించాక, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల వెంట వెళ్లి మంచిచెడ్డలు చూసిపెడుతున్నాడు. ఇస్తే పుచ్చుకుంటాడు, ఇవ్వకపోతే టీ తాగి వెళ్లిపోతాడు. అలాంటివాడు బాగుపడ్డట్టే!

ఈరోజు వెంట వచ్చింది పరాయివాళ్లు కాదు, చెల్లెలి కూతురు. పన్నెండేళ్లు బట్టలు కుట్టి కూడబెట్టింది. ఒక ఇల్లు కొని అద్దెకిస్తే, చూపు పూర్తిగా పోకముందే మిషను దిగొచ్చని ఆశ. ఆ కష్టమంతా అడ్వాన్సుగా ఆమె ఒళ్లోని సంచిలో ఉంది. అది పోతే మళ్లీ కుట్టడానికి ఆమెకు కళ్లు లేవు.

ఇందాక మెట్లెక్కుతూ ఆమెకు గొంతు తగ్గించి చెప్పాడు: "తొందరపెట్టేవాడి దగ్గర తొందరపడకు. కొత్త రంగు చూసి మురిసిపోకు, ఎందుకేశాడా అని అనుమానించు. నీళ్లెలా వస్తాయో కింద అద్దెకున్నవాళ్లని అడుగు, అమ్మేవాణ్ణి కాదు."

"మరి కొనొచ్చో లేదో నువ్వెప్పుడు చెప్తావు మావయ్యా?"

"బ్రోకర్ల ముందు నోరు పారేసుకుంటే రేపు నన్ను ఏ గుమ్మమూ ఎక్కనివ్వరే పిచ్చిదానా. నేల వాలు చూడ్డానికి గోలీ దొర్లిస్తాగా, చివర్లో దాన్ని జేబులో వేసుకున్నానా, కొనుక్కో. నేలమీదే వదిలేశానా, సంచి పట్టుకుని నా వెనకే వచ్చెయ్."

మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆమె కంగారుగా చూస్తే, "మెట్లు లెక్కపెడుతున్నాలే," అన్నాడు.

ఇప్పుడామె హాల్లో కాగితాల ముందు కూర్చుంది. "నాలుగింటికి ఇంకో పార్టీ వస్తోందమ్మా, తర్వాత నన్ననొద్దు," అని బ్రోకరు ఐదోసారి అన్నాడు.

"రానివ్వండి. వాళ్లకీ కుళాయిలు తిప్పి చూపిస్తా," అని మేస్త్రి చివరి గదిలోకి నడిచాడు.

గదిలో ఒక్క గోడకే కొత్త రంగు. దాని కింద కొత్త తివాచీ. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. పళ్లు బిగించి తివాచీ మడిచాడు. గుమ్మం దగ్గర గోలీ పెట్టాడు. అది కాసేపు ఆలోచించి, కదిలి, పరుగందుకుని మూల గోడకు టక్కున కొట్టుకుంది. అక్కడ గోడను వేలితో తడితే డొల్లగా మోగింది. అమ్మ దొంగా, అనుకున్నాడు. మూల మొత్తం కుంగిపోతోంది.

వెనకే వచ్చిన బ్రోకరు నవ్వబోయాడు. "ఆమాత్రం వాలుండాలి కదండీ, నీళ్లు పోవడానికి."

"పడగ్గదిలో నీళ్లకేం పనయ్యా?"

గోలీని అక్కడే వదిలేసి హాల్లోకి వచ్చాడు. అప్పుడే గుండెలో ఎవరో మెలిపెట్టినట్టయింది. అరచెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. మేనకోడలు ఆ చేతినే చూసింది. ఆమె ముఖం విప్పారింది. పెన్ను అందుకుంది.

కాదు తల్లీ, కాదు. నోరు తెరిచాడు గాని ఊపిరి అందలేదు. చెయ్యి దించుదామంటే దిగలేదు. గాలి పీల్చుకొస్తే చెప్పొచ్చనుకుని మెట్లమీదికి నడిచాడు.

ఆమె మొదటి కాగితం మీద సంతకం పెట్టింది. సంచి ముడి విప్పబోతుండగా పక్కింటావిడ అరిచింది: "ఎవరండీ ఈ పెద్దాయన? పిలిస్తే పలకట్లేదు!"

మేస్త్రి గోడకు తలానించి కూర్చుని ఉన్నాడు. బ్రోకరే పరుగున నీళ్లు తెచ్చాడు, కాని తాగేవాడు లేడు. ఆమె "మావయ్యా, మావయ్యా" అని ఏడుస్తూ గుండె మీద చేత్తో రుద్దింది. జేబులో కళ్లజోడు తగిలింది. ఇంకేమీ తగల్లేదు. మళ్లీ వెతికింది.

ఒక్కసారిగా లేచి చివరి గదిలోకి వెళ్లింది.

"మర్చిపోయి వదిలేసినట్టున్నారమ్మా," అన్నాడు వెనకనుంచి బ్రోకరు, గొంతు తగ్గించి.

"మావయ్య దాన్ని ఎక్కడా మర్చిపోడు," అంది. సంతకం పెట్టిన కాగితం చింపి, సంచి ముడి బిగించింది. గోలీకోసం వంగినదల్లా ఆగిపోయింది. నాలుగింటికి నిజంగానే ఎవరైనా వస్తే, వాళ్లూ చూడాలి.

మడిచిన తివాచీ పక్కన, కుంగిన మూలలో, ఒకవైపు పెచ్చు లేచిన ఆకుపచ్చ గోలీ అలాగే ఉంది.