పదకొండు వేలలో ఒక వంతు

రోజూ ఉదయం ఎనిమిదింటికి గేటు తెరిస్తే, పదకొండు వేల మంది ఆ కంపెనీలోకి వెళ్తారు. దాని గోడ ఎంత పొడవంటే, ఈ చివర నున్నగా గడ్డం గీసుకుని బయల్దేరినవాడు ఆ చివరికి చేరేసరికి మళ్ళీ గీసుకోవాల్సిందే. అబద్ధమైతే నా మీసం తీయించేస్తాను.

ఆ పదకొండు వేలలో ఒకడు టేపు. తొమ్మిదేళ్ళుగా అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడు కనుక అందరికీ అతను టేపే. ఒకసారి తుమ్మి కళ్ళు తెరిచేలోగా నలభై పెట్టెలు మూసేశాడు మహానుభావుడు.

కంపెనీలో ఎవరికేదొచ్చినా అందరూ పంచుకోవాలి. ఉద్యోగపు కాగితంలో మూడో పేజీలోనే రాసుంది. ఒకరికి పన్ను నొప్పి వస్తే పదకొండు వేల దవడలకూ తలా ఒక చీమ కుట్టినంత. ఒకరికి బిడ్డ పుడితే అందరి పెదవుల మీదా ఆవగింజంత నవ్వు. టేపుకి అది హాయిగానే ఉండేది. ఆమధ్య కాలు విరిగితే ఈల వేసుకుంటూ ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు. కట్టు ఖర్చు కూడా కంపెనీదే.

చిక్కల్లా సైకిళ్ళ షాపావిడ దగ్గర వచ్చింది. గేటు ఎదురుగా చిన్న షాపు. ఓనరూ ఆమే, మెకానిక్కూ ఆమే. టేపు రోజూ సాయంత్రం గాలి కొట్టించుకునే నెపంతో ఆగేవాడు. ఆమెను చూడగానే గుండె కాస్త అదిరేది. కాస్తే. అది తనదో, లోపల ఏ గుమాస్తాదో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం ఆమె గాలి పంపుని పక్కన పడేసింది.

"ఆదివారం మా పిన్ని ఒక సంబంధం తెస్తోంది. ఒప్పుకోమంటారా, వద్దంటారా?"

"అదే తెలియట్లేదండీ. మిమ్మల్ని చూస్తే ఏదో అవుతుంది. కానీ అది నాదేనా అని..."

"మీది కాకపోతే మీ మేనేజరుదా?"

"అయ్యుండొచ్చు. ఆయన కూడా ఇటే వెళ్తారు."

"బావుంది వరస! అయితే ఆదివారంలోగా పదకొండు వేల మందినీ అడిగి రండి. చాంతాడంత లైను కట్టి చెప్తారు."

అడగడం కన్నా ఉద్యోగం మానేయడమే తేలిక అనిపించింది టేపుకి. మర్నాడు రాజీనామా పట్టుకెళ్తే, సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్దాయన కళ్ళజోడు తీసి మరీ చూశాడు.

"మతి పోయిందా నాయనా? బయట తలనొప్పి వస్తే మొత్తం నువ్వే పడాలి. ఒక్కడివే!"

"మరి సంతోషం వస్తేనండీ?"

పెద్దాయన కలం మూత తీశాడు. "అది మొత్తంగా ఎంతుంటుందో నాకూ గుర్తులేదయ్యా" అని సంతకం పెట్టేశాడు.

టేపు గేటు దాటాడు. చీమ కుట్టలేదు. ఆవగింజంత నవ్వూ రాలేదు. లోపలంతా ఖాళీ డబ్బాలా ఉంది. షాపు ముందు నిలబడ్డాడు. గుండె అదరలేదు.

ఆమె ఓ సైకిలు చైనుకి నూనె వేస్తోంది. "తేలిందా?" అంది తలెత్తకుండానే.

"ఉద్యోగం మానేశాను. కానీ... ఏమీ అనిపించట్లేదండీ."

"ఏమీనా?"

"ఏమీ."

ఆమె మొహం తిప్పుకుని పెడల్ని విసురుగా తిప్పింది. చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య వేలు పడి నలిగింది.

"అమ్మోయ్!"

ఆ కేకకి మూడు వీధుల అవతల ఆరేసిన బట్టలు తీగ మీంచి జారిపడ్డాయి. కేక వేసింది ఆమె కాదు, టేపు. చూపుడు వేలు గుప్పిట్లో బిగించుకుని రోడ్డు మధ్యలో గెంతుతున్నాడు.

ఆమె నెత్తురు కారుతున్న తన వేలు చూసుకుంది. "ఇంతలా నలిగితే నొప్పి ఇంతేనా?" అంది అయోమయంగా.

"మిగతాది ఇటొచ్చిందండీ!"

ఆమె గుడ్డపీలిక చింపింది. ఎవరి వేలికి కట్టాలో తేలక రెండు వేళ్ళనూ మార్చి మార్చి చూసింది.

"ముందు మా పిన్నికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి" అంది చివరికి. "నా చెయ్యి ఖాళీ లేదు."