దున్నిన మడిలో వాన గీత

తెల్లవారేసరికి వాన వెలిసింది. పాండిసెల్వి పాపను చంకన వేసుకుని చేనికి వచ్చేసరికి, అత్త పాపమ్మాళ్ ముళ్ళకంపను గట్టు మీద పడేసి చేతులు దులుపుకుంటోంది. నాలుగు మూలలా గూటాలు పాతిన చిన్న మడి నిండా కంప గీతలే.

"అయ్యో అత్తా! ఈ మడి తొక్కొద్దని చెప్తిని గదా!"

"నేనెక్కడ తొక్కితి? గట్టు మీద నుంచే లాగితి. వాన కొట్టినాక ఈ కరిసల్ నల్లనేల పెచ్చు కట్టదా? అది పగలగొట్టకుంటే మొలక ఎట్ల లేస్తాదే?"

"ఇందులో విత్తే లేదత్తా!"

"విత్తులేని మడికి కావలి ఏందే? మీ సారుకు పిచ్చా?"

వాన దెబ్బకు దున్నిన నేల ఎంత అణుగుతుందో చూడటానికి కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి జెబకుమార్ సారు పెట్టించిన మడి అది. చెక్క చట్రంలో ఇనుప పుల్లలు వరసగా ఉంటాయి. నేల మీదికి వదిలితే గడ్డ ఉన్నచోట పుల్ల పైకి, గుంట ఉన్నచోట కిందికి నిలుస్తుంది. వాటి తలల వెంట కాగితం మీద గీత గీయాలి, వానకు ముందొకటి, తరవాతొకటి. చదువు మధ్యలో ఆగిన తనను నమ్మి ఇచ్చిన పని ఇది. పోతే మళ్ళీ పాపను వదిలి ఏళాయిరంపన్నై టపాసుల షెడ్డుకు పోవాలి.

అత్త గొంతు తగ్గించింది. "వానే అణిచిందని గీసెయ్. వాన వచ్చి కాదంటాదా?"

పాండిసెల్వి చట్రం నిలబెట్టింది, పెన్సిలూ తీసింది. పుల్లలు ముళ్ళు లాగిన చాళ్ళలోకి దిగాయి. ఇది వాన చేసింది కాదు. పెన్సిల్ పక్కన పెట్టి ఫోన్ తీసి, సారుకు తమిళంలో ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఎన్ని చాళ్ళు పడ్డాయో అడిగాడాయన.

"ఈ వాన లెక్కలోకి రాదమ్మా. మళ్ళీ దున్నించండి, ఇంకో వానకు చూద్దాం."

"మడి మాకే ఉంటుందా సార్?"

"మీ చేను ఎక్కడికి పోతుందమ్మా?" నవ్వాడాయన. "మీ అత్తగారికి నేనే వచ్చి చెప్తాను. ముందే చెప్పాల్సింది."

వచ్చి చెప్పాడు కూడా. మళ్ళీ దున్నించిన మడిలో వానకు ముందే పాండిసెల్వి కొత్త గీత గీసి పెట్టుకుంది. రెండో వాన వెలిసిన పొద్దున గొడుగుతో గట్టు మీద అత్తే కూర్చుంది. మేకలు దాటినా, కన్నకొడుకు దాటినా ఒకే కేక: "అట్ట పోరా, కొలత చెడతాది!"

పాండిసెల్వి గీత గీసింది. వానకు ముందు గీతలోని ఎగుడుదిగుళ్ళన్నీ ఇందులో మెత్తబడిపోయాయి. అత్త పాపను ఎత్తుకుని కాగితంలోకి వంగి చూసింది.

"మనం దున్నిందంతా ఇంత చదును చేసేసిందా?"

"ఈసారి వానే చేసిందత్తా," అంది పాండిసెల్వి, కాగితాన్ని తడి తగలకుండా జాకెట్లో దోపుకుంటూ.