ఆల్మ్‌ఫోర్స్ పార్కులో కార్మికుల వేదిక

పొద్దున ఏడింటికే పార్కులో గునపాల చప్పుడు మొదలైంది. హిల్లెవి పరుగున వచ్చేసరికి కాంట్రాక్టరు మనుషులు ఆరుబయటి వేదిక పలకలు పీకి గడ్డిలో పడేస్తున్నారు. స్వీడన్ అంతా ఆగిపోయిన 1909 సమ్మెలో, మిల్లు గెంటేసిన కార్మికులు పస్తులుండి కొట్టిన పలకలవి. వాళ్ళలో ఆమె తండ్రి ఒకడు. అరవై ఏళ్ళుగా మేడే ఉపన్యాసాలూ నాటకాలూ దానిమీదే జరిగాయి. యజమానులకు ఊళ్ళో థియేటరుంది. కార్మికులకున్నది ఇదొక్కటే.

ఫోర్‌మన్ కాగితం చూపించాడు. అడుగున సంతకం హిల్లెవిదే.

చెప్పుకుంటే సిగ్గుచేటు. పార్కు సంఘానికి ఆమె అధ్యక్షురాలు. మార్చి సభకు కౌన్సిలర్ స్వాంటె వచ్చాడు. ఒకప్పుడు బట్టల మిల్లులో ఆమె పక్క మగ్గం మీద నేసినవాడు. మరమ్మతుకని వేదికను మునిసిపాలిటీకి అప్పగిద్దామన్నాడు. సమ్మతమేనా అని ఆమె అడిగింది. మనవాడు తెచ్చిన కాగితం చదవడమేమిటని అందరూ అలవాటుగా సరే అన్నారు. తీర్మానం ఖాయమైనట్టు ఆమె కొయ్యసుత్తి బల్లమీద పడింది. ఆ ఊళ్ళో సుత్తి పడ్డాక దేవుడు దిగొచ్చినా మాట మారదు. కాగితం మూడో పేజీలో మరమ్మతు లేదు, కార్ల పార్కింగు ఉంది.

ఎనిమిదికల్లా రెండు వందల మంది పోగయ్యారు. కమిటీలో పెద్దవాడు తూరె తల అడ్డంగా ఊపాడు. తీర్మానమంటే తీర్మానమే, వచ్చే మహాసభలో సవరణ పెడదామన్నాడు. అప్పటిదాకా వేదిక ఉంటుందా అని ఎవరో నిలదీశారు. ఫిన్లండ్ నుంచి పనికొచ్చిన నేతగత్తె ఐలి తూరె ముందుకొచ్చింది.

"మీకు పోలీసులెందుకు తాతా, ఒక సుత్తి చాలు. మా దేశంలో అంతర్యుద్ధమప్పుడు మావాళ్ళ నోళ్ళు మూయడానికి తుపాకులు కావాల్సొచ్చాయి."

హిల్లెవి జనం వైపు తిరిగింది.

"సుత్తి కొట్టింది నేను. చదవకుండా కొట్టా. తప్పు నాది, సరే అన్న మీది గూడా. కానీ చేసిన తప్పుకి దణ్ణం పెట్టుకుంటూ కూచోమని మా నాన్న నాకు నేర్పలేదు."

వేదికపై ఇంకా మిగిలిన పలకల మీదికెక్కి కూర్చుంది. పక్కన ఐలి. వెనక అందరూ. ఆఖర్న తూరె, కర్ర ఊతంగా.

పదింటికి పోలీసులతో పాటు స్వాంటె వచ్చాడు. దిగమని బతిమాలాడు, నిన్ను బోనులో చూడలేనన్నాడు.

"చూడొద్దులే," అంది హిల్లెవి. "ఆ కాగితం రాసేటప్పుడూ మా మొహాలు చూడలేదుగా."

కాళ్ళూ చేతులూ పట్టి ఒక్కొక్కరినీ మోసుకెళ్ళారు. ముసలివాడని తూరెను గడ్డిలో వదిలేశారు. వ్యాను కిటికీలోంచి హిల్లెవి చూస్తుండగానే వేదిక కప్పు కూలింది. తండ్రి రెండోసారి చచ్చిపోయినట్టు ఏడ్చింది. వేదిక దక్కలేదు. ఆ మాట దాచి ఈ కథ చెప్పలేను.

రెండింటికి మిల్లు సైరన్ మోగింది. షిఫ్టుకు ఎవరూ వెళ్ళలేదు. పని గౌన్లతోనే ఆడవాళ్ళంతా పోలీసు స్టేషను మెట్లు నింపేశారు. వాళ్ళ ముందు తూరె. మీకేం కావాలని అధికారి అడిగాడు.

"మా అధ్యక్షురాలు లోపలుంది," అన్నాడు తూరె. "ఆవిడ వచ్చి సుత్తి కొట్టందే ఈ సభ ముగించడం మాకు కుదరదు."

సైరన్ మళ్ళీ మోగింది. ఎవరూ కదల్లేదు.